పెద్ద అక్వేరియం స్టాండు: బరువు మోయడం తేలికే, వంగకుండా నిలవడమే కష్టం

క్లుప్తంగా

నాలుగడుగుల అక్వేరియం నిండా నీళ్లు పోస్తే అటూ ఇటూగా 450 కిలోలు. ఆ బరువుకు విరిగిపోయేంత బలహీనంగా స్టాండు చేయడం నిజానికి అరుదు. గాజు పగిలినా, సిలికాన్ జాయింటు వదిలినా ఎక్కువగా వేరే కారణాలుంటాయి. పైపట్టె (ట్యాంకు ఆనే పొడవాటి పట్టె) మధ్యలో కుంగడం, నాలుగు మూలలు ఒకే మట్టంలో లేకపోవడం, స్టాండు పక్కకు ఒరగడం ముఖ్యమైనవి. తడి ఈ మూడింటినీ ఏటేటా పెంచుతుంది. విజయవాడ, గుంటూరు ఇళ్లలో నేలకు ఇచ్చిన వాటం, నల్లరేగడి మీద వేసిన ఫ్లోరింగు, అపార్టుమెంటు శ్లాబు కూడా లెక్కలోకి వస్తాయి.

ఎవరి మాట వినాలి?

రెండడుగుల చేపల తొట్టెకు స్టాండు గురించి ఎవరూ తల పట్టుకోరు. గట్టి టేబుల్ ఉంటే చాలు. ఆస్కార్, ఫ్లవర్‌హార్న్ లాంటి చేపలు పెరిగి పెద్దవైనా, అరోవానా పెంచాలన్న కోరిక పుట్టినా ట్యాంకు నాలుగు, ఐదు, ఆరు అడుగులకు చేరుతుంది. తకరారు అక్కడ మొదలవుతుంది.

ఆటోనగర్‌లో గేట్లు, గ్రిల్స్ చేసే వెల్డరును అడిగితే ‘ఏనుగెక్కినా ఏం కాదు’ అని భరోసా ఇస్తాడు. కార్పెంటర్ టేకు తప్ప ఇంకేదీ పనికిరాదంటాడు. యూట్యూబ్‌లో అమెరికావాళ్ల వీడియో పెడితే, ‘టూ బై ఫోర్’ కర్రలు కోసి స్క్రూలు బిగించి సాయంత్రానికల్లా స్టాండు నిలబెట్టేస్తారు. మూడు మాటల్లోనూ కొంత నిజం ఉంది. కాకపోతే ముగ్గురూ జవాబు చెబుతున్నది ‘విరుగుతుందా, లేదా’ అన్నదానికి. గాజు ట్యాంకుకు కావాల్సింది ‘ఎంత వంగుతుంది, ఎంత మెలితిరుగుతుంది’ అన్న ప్రశ్నకు జవాబు.

గేటు పనిలో 3 మిల్లీమీటర్ల తేడా లెక్కలోకి రాదు. తలుపు కాస్త పట్టేస్తే ఓ దెబ్బ వేసి సరిచేస్తారు. గాజు అడుగు కింద అదే 3 మిల్లీమీటర్లు వస్తే ట్యాంకు ప్రాణానికే ముప్పు. పనివాడి నైపుణ్యంలో లోపమేమీ లేదు. అతను రోజూ చేసే పనికి అంత సూక్ష్మం అక్కర్లేదు, అంతే. కాబట్టి కొలతలు చెప్పి చేయించుకోవడం చేయించుకునేవాళ్ల బాధ్యత.

ముందు బరువు తేల్చుకోవాలి

ఒక ఘనపుటడుగు నీళ్లు 28.3 లీటర్లు, అంటే 28.3 కిలోలు. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, రెండడుగుల ఎత్తు ట్యాంకు 12 ఘనపుటడుగులు, అంటే 340 లీటర్లు. పైన రెండంగుళాలు ఖాళీ వదిలితే 312. అడుగున రెండంగుళాల మందాన గులకరాళ్లు పరిస్తే అవి సుమారు 45 కిలోలు. అవి తొలగించే నీళ్లు పోను 28 కిలోల దాకా అదనం. గాజు బరువు చదరపు మీటరుకు, ఒక్కో మిల్లీమీటరు మందానికి 2.5 కిలోలు. 10 మిల్లీమీటర్ల గాజుతో ఈ ట్యాంకు ఖాళీగానే 65 కిలోలుంటుంది. అలంకారానికి పెట్టే రాళ్లు, ఫిల్టరు, మూత కలిపితే 425 దాటుతుంది. లెక్కకు 450 అనుకోవచ్చు.

ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ట్యాంకయితే 680 లీటర్లు. దాని గాజే 120 కిలోల పైన. అన్నీ కలిపి, స్టాండుతో సహా 850 కిలోల దాకా వెళ్తుంది. పొడవు ఒకటిన్నర రెట్లే పెరిగినా బరువు దాదాపు రెట్టింపయింది. వెడల్పు అర అడుగు పెరగడమే అందుకు కారణం. ట్యాంకు ఆర్డరిచ్చేటప్పుడు చాలామంది పొడవు ఒక్కటే చూసుకుంటారు.

కాళ్లు విరగవు

నిలువుగా నొక్కినప్పుడు కర్రకైనా, ఇనుముకైనా చాలా ఓర్పు ఉంటుంది. రెండంగుళాల చదరపు టేకు కాలిని తీసుకుంటే, చదరపు మిల్లీమీటరుకు 5 న్యూటన్లే (సుమారు అర కిలో బరువు) అని జాగ్రత్తగా లెక్కేసినా ఒక్క కాలే 1,200 కిలోల పైన మోస్తుంది. 40 మిల్లీమీటర్ల స్క్వేర్ పైపు, 2 మిల్లీమీటర్ల మందం (దుకాణంలో 14 గేజ్ అంటారు) అయితే మీటరు లోపు ఎత్తుకు ఒక్కో కాలి సామర్థ్యం టన్నుల్లోనే ఉంటుంది. ఏనుగు మాట అబద్ధం కాదు.

అమెరికా వీడియోల్లో కనిపించే సన్నని కర్రలు నిలబడటానికి కారణమూ ఇదే. అక్కడ ‘టూ బై ఫోర్’ అని అమ్మే పైన్ కర్ర అసలు కొలత రెండు, నాలుగు అంగుళాలు కాదు, 38, 89 మిల్లీమీటర్లు. ఆ స్టాండుల్లో గమనించాల్సింది కర్ర రకం కన్నా అమరిక. పైపట్టె నేరుగా కాలి తలమీద కూర్చుంటుంది. బరువు కర్ర నుంచి కర్రకు, అక్కణ్నుంచి నేలకు దిగుతుంది. స్క్రూల పని ముక్కల్ని కదలకుండా పట్టి ఉంచడమే. పట్టెను కాలి పక్కన ఆనించి రెండు స్క్రూలు బిగించి వదిలేస్తే మొత్తం బరువు ఆ స్క్రూల మెడ మీద పడుతుంది. ఇంటి పని చేసే కార్పెంటర్లు సొరుగులకు, అరలకు ఇలాగే బిగిస్తారు. అక్కడ చెల్లుతుంది. ఇక్కడ చెల్లదు.

మధ్యలో కుంగితే ఏమవుతుంది

పైపట్టె రెండు చివర్లా కాళ్లుండి మధ్యలో ఏమీ లేదనుకుందాం. 450 కిలోల్లో సగం ముందు పట్టె మీద, సగం వెనక పట్టె మీద పడుతుంది. 1.2 మీటర్ల పొడవుకు 40 మిల్లీమీటర్ల స్క్వేర్ పైపు (2 మిల్లీమీటర్ల మందం) వాడితే, చివర్లలో వెల్డింగు ఇచ్చే కొద్దిపాటి పట్టును లెక్కలోకి తీసుకోకపోతే, మధ్యలో దాదాపు 3.4 మిల్లీమీటర్లు కుంగుతుంది. కంటికి కనిపించదు. స్టాండు విరగదు, వెల్డింగు చెదరదు. వెల్డరు లెక్కలో అది దిట్టమైన స్టాండే.

ట్యాంకు మాత్రం స్టాండుతోపాటు కుంగదు. ముందు, వెనక గాజులు రెండడుగుల ఎత్తున నిలబెట్టిన పలకలు. పొడవు దిశలో అవి చాలా బిర్రుగా, అంటే వంగకుండా ఉంటాయి. మధ్యలో స్టాండు కిందికి జారినా ఆ గాజులు వంగవు, రెండు చివర్ల మీద ఆనుకుని వంతెనలా నిలబడతాయి. దాంతో పరుచుకుని ఉండాల్సిన బరువంతా మూలలకు మళ్లుతుంది. అడుగు గాజుకు మధ్యలో ఆసరా పోతుంది. పైనున్న నీటి బరువు దాన్ని కిందికి వంచాలని చూస్తుంది, చుట్టూ ఉన్న సిలికాన్ పట్టి ఉంచుతుంది. కొన్ని ట్యాంకులు నింపిన రోజు బాగానే ఉండి నెలల తర్వాత అడుగు జాయింటు దగ్గర చెమ్మ పెట్టడానికి ఇదొక ముఖ్య కారణం.

ఇక్కడ ఒక చిన్న సూత్రం చాలా ఖర్చు తప్పిస్తుంది. కుంగుడు పొడవుకు నాలుగో ఘాతంలో పెరుగుతుంది. పొడవు సగమైతే కుంగుడు పదహారో వంతు. ముందు ఒకటి, వెనక ఒకటి అదనంగా మధ్య కాళ్లు వేస్తే అదే పైపుతో 3.4 మిల్లీమీటర్లు కాస్తా 0.2కు పడిపోతుంది. పైపు మందం పెంచడం కన్నా, ఖరీదైన కర్ర కొనడం కన్నా ఇది ఎంతో చవక. ఆరడుగుల ట్యాంకుకు మధ్యలో రెండేసి కాళ్లు వేయాలి. కేబినెట్ తలుపులకు అడ్డమొస్తుందని చాలామంది మధ్య కాలు వద్దంటారు. తలుపుల అందం కోసం అలా చేస్తే పట్టె లోతు పెంచక తప్పదు.

లోతు అనేది ఈ లెక్కలో రెండో ఆయుధం. నాలుగంగుళాల లోతు, రెండంగుళాల మందం ఉన్న కర్ర పట్టెను నిటారుగా నిలబెట్టి వేస్తే, పైన చెప్పిన ఇనుప పైపు కన్నా రెండున్నర రెట్లకు పైగా బిర్రుగా ఉంటుంది. అదే కర్రను పడుకోబెట్టి వేస్తే బిర్రు నాలుగో వంతుకు పడిపోయి పైపు కన్నా తక్కువవుతుంది. ఇనుము ఎప్పుడూ కర్ర కన్నా గట్టిదన్న నమ్మకానికి ఇక్కడ గండి పడుతుంది. 40, 60 మిల్లీమీటర్ల దీర్ఘచతురస్రపు పైపును నిటారుగా వాడినా కుంగుడు 3.4 నుంచి 1.3కు తగ్గుతుంది.

ఎల్ యాంగిల్ సంగతి ఇంకా ఆసక్తికరం. 40 మిల్లీమీటర్ల యాంగిల్, 5 మిల్లీమీటర్ల మందంది మీటరుకు 3 కిలోలు. స్క్వేర్ పైపు మీటరుకు దాదాపు 2.3 కిలోలే. చేతికి యాంగిలే బరువుగా, గట్టిగా అనిపిస్తుంది. వంగుడును తట్టుకోవడంలో మాత్రం పైపే మెరుగు. పైగా యాంగిల్‌కు మూసిన గూడు లేదు కాబట్టి సులువుగా మెలితిరుగుతుంది. ఇనుము కిలో లెక్కన కొనేవాళ్లకు ఇది కాస్త ఇబ్బందికరమైన నిజం. ఎక్కువ డబ్బు పెట్టి తక్కువ బిర్రు కొన్నట్టవుతుంది.

నాలుగు మూలలు, ఒకే మట్టం

ట్యాంకు మొత్తం ఒక పక్కకు కాస్త వాలి ఉండటం ఒక రకం. ఒక్క మూల మాత్రమే కిందికో పైకో ఉండటం ఇంకో రకం. చూడ్డానికి మొదటిదే భయపెడుతుంది, నీటి మట్టం ఏటవాలుగా కనిపిస్తుంది కాబట్టి. ప్రమాదం ఎక్కువ రెండోదాంట్లో. మూడు కాళ్ల పీట ఎక్కడ వేసినా ఊగదు, నాలుగు కాళ్ల పీట ఎగుడుదిగుడు నేల మీద ఊగుతుంది. ట్యాంకు వందల కిలోల బరువుతో ఉంటుంది కాబట్టి ఊగదు, ఆ ఎగుడుదిగుడంతా గాజులోకే మెలిగా ఎక్కుతుంది. గాజు మెలిని ఓర్చుకోదు.

మన ఇళ్లలో నేల మట్టంగా ఉంటుందని అనుకోవడం పొరపాటు. కడిగిన నీళ్లు గుమ్మం వైపో, తూము వైపో పోయేలా మేస్త్రులు కాస్త వాటం ఇచ్చి ఫ్లోరింగు వేస్తారు. హాల్లో నాలుగడుగుల దూరంలో అది కొన్ని మిల్లీమీటర్లు ఉండొచ్చు. రసమట్టాన్ని పొడవాటి తిన్నని పైపు మీద పెట్టి నాలుగు వైపులా, మూల నుంచి మూలకు రెండు వైపులా చూస్తే తేలిపోతుంది. రసమట్టం లేకపోతే పారదర్శకమైన పైపులో నీళ్లు నింపి చూసే మేస్త్రి పద్ధతి ఇంకా కచ్చితం.

సవరణ స్టాండు కాళ్ల కింద జరగాలి, ట్యాంకు కింద కాదు. ఇనుప స్టాండయితే కాళ్ల కింద తిప్పి ఎత్తు సరిచేసే బోల్టు పాదాలు వెల్డింగు చేయించవచ్చు. లేదంటే పల్చటి స్టీలు రేకు ముక్కలు వేయవచ్చు. అట్టముక్కలు, చెక్కపేళ్లు తడికి ఉబ్బి, బరువుకు నలిగి కొన్నాళ్లకు మట్టం తప్పిస్తాయి.

ట్యాంకు కింద థర్మోకోల్ వేయడం ఇక్కడ ఆనవాయితీ. అది చేసే పని పరిమితం. ప్లైవుడ్ మీద మిగిలిపోయిన ఇసుక రేణువు, ఒక స్క్రూ తల, వెల్డింగు బుడిపె లాంటి చిన్న గరుకు గాజుకు సూదిలా గుచ్చుకోకుండా థర్మోకోల్ దాన్ని తనలోకి తీసుకుంటుంది. ఒక మూల 4 మిల్లీమీటర్లు ఎత్తుంటే దాన్ని సరిచేయలేదు. ప్యాకింగుకు వాడే మెత్తని రకం కాకుండా కాస్త గట్టి షీటు, 10 మిల్లీమీటర్లది, అతుకుల్లేకుండా వాడటం మేలు. అడుగున ప్లాస్టిక్ ఫ్రేమున్న కంపెనీ ట్యాంకులకు మాత్రం థర్మోకోల్ అక్కర్లేదు. వాటి అడుగు గాజు ఫ్రేము మీద వేలాడేలా తయారవుతుంది, బరువు అంచుల్లోనే దిగాలి. ఇక్కడ గాజు దుకాణాల్లో సిలికాన్ వేసి అతికించే ఫ్రేము లేని ట్యాంకులకు అడుగంతా ఆసరా కావాలి.

వెల్డింగు వేడికి ఫ్రేము లాగేస్తుందన్న సంగతి వెల్డర్లందరికీ తెలుసు, కానీ స్టాండు విషయంలో పట్టించుకునేవాళ్లు తక్కువ. ఒక మూల పూర్తిగా అతికి రెండో మూలకు వెళ్తే ఫ్రేము అటు వంగిపోతుంది. ముందు అన్ని మూలలా చిన్న చుక్కలు పెట్టించి, టేపుతో మూల నుంచి ఎదురు మూలకు రెండు కొలతలూ సమానంగా ఉన్నాయో లేదో చూసి, ఆ తర్వాత ఎదురెదురు మూలలు మార్చి మార్చి అతికించాలి. పైముఖం మీద మిగిలిన బుడిపెలన్నీ గ్రైండింగుతో తీసేయించాలి. షాపు నుంచి స్టాండు తెచ్చుకునే ముందే ఒక తిన్నని పైపును పైన ఐమూలగా పెట్టి కింద వెలుతురు కనిపిస్తుందేమో చూడాలి. అక్కడ అయిదు నిమిషాల పని, ఇంటికొచ్చాక తలనొప్పి.

పక్కకు ఒరిగే స్టాండు

నాలుగు కాళ్లు, పైన ఒక చట్రం, అడ్డంగా, ఏటవాలుగా ఏమీ లేని స్టాండు పక్క నుంచి నెట్టితే వాలిపోవాలని చూస్తుంది. కర్ర స్టాండుల్లో ఇది మరీ ఎక్కువ. స్క్రూ పట్టు ఏళ్లు గడిచేకొద్దీ సడలుతుంది. ఒకసారి ఒరగడం మొదలైతే బరువే దాన్ని ఇంకా తోస్తుంది. 75 సెంటీమీటర్ల ఎత్తు స్టాండు పైభాగం ఒక్క సెంటీమీటరు పక్కకు జరిగితే, 450 కిలోల బరువు 6 కిలోల పక్క తోపుడుతో సమానమైన ప్రభావం చూపిస్తుంది. ఆ తోపుడు రాత్రీ పగలూ ఆగదు.

దీనికి మందు చాలా చవక. వెనకవైపు మొత్తం ప్లైవుడ్ షీటు బిగిస్తే స్టాండు పొడవు దిశలో ఒరగలేదు. రెండు పక్కలా కూడా వేస్తే ముందుకీ వెనక్కీ ఒరగలేదు. ఇనుప స్టాండయితే వెల్డింగు మూలలే కొంత పట్టునిస్తాయి. వెనకాల ఒక ఏటవాలు పట్టీ, మూలల్లో చిన్న త్రికోణపు ప్లేట్లు కలిస్తే ఇక చూసుకోనక్కర్లేదు. కింద నేలకు రెండంగుళాల ఎత్తున చుట్టూ ఇంకో చట్రం వేస్తే కాళ్లు విడిపోవు.

భూకంపం మాట ఇక్కడ అతిగా అనిపించవచ్చు. భూకంప ముప్పును బట్టి దేశాన్ని జోన్లుగా విడదీసిన భారత ప్రమాణం ఐఎస్ 1893 (2016) మ్యాపులో విజయవాడ, గుంటూరు మూడో జోన్‌లో, అంటే ఓ మోస్తరు ముప్పున్న చోట ఉన్నాయి. 2024 డిసెంబరు 4 ఉదయం ములుగు జిల్లా కేంద్రంగా వచ్చిన 5.3 తీవ్రత భూకంపం విజయవాడలోనూ తెలిసింది. భవనాలకు అది పెద్ద విషయం కాలేదు. ట్యాంకులో నీళ్లకు మాత్రం సొంత ఊపు ఉంటుంది. నాలుగడుగుల ట్యాంకులో ఒక అల అటు వెళ్లి ఇటు రావడానికి సుమారు 1.3 సెకన్లు. నేల ఊపు దానికి దగ్గరగా వస్తే నీళ్లు ఎగసి స్టాండును పక్కకు లాగుతాయి. పిల్లలు స్టాండు పట్టుకుని ఎక్కబోవడం అంతకన్నా తరచుగా జరిగే సంగతి. 30 అంగుళాల స్టాండు మీద 18 అంగుళాల వెడల్పు ట్యాంకు పూర్తిగా తలకిందులు కావాలంటే పై అంచు దగ్గర 75 కిలోల తోపుడు కావాలి. అది అంత తేలిక కాదు. అయినా ఒక్క అడుగే వెడల్పున్న ట్యాంకు, ఎత్తు స్టాండు కలిస్తే వెనక గోడకు రెండు క్లాంపులతో స్టాండును పట్టించడం మంచిది. ట్యాంకును కాదు, స్టాండునే.

కర్రా, ఇనుమా, ఇటుకా

ఇనుప స్టాండు మొత్తం ఖర్చు ముందే అంచనా వేసుకోవచ్చు. నాలుగడుగుల ట్యాంకుకు, రెండున్నర అడుగుల ఎత్తున, ఆరు కాళ్లు, పైనా కిందా చట్రాలు, అడ్డ పట్టీలు కలిపితే పన్నెండున్నర మీటర్ల పైపు పడుతుంది. 20 అడుగుల పూర్తి పైపులు రెండు, ఇంకో ముక్క. 29 కిలోల ఇనుము. ఆ రోజు కిలో ధరతో గుణించి, దానిపై వెల్డింగు కూలి, పెయింటు వేసుకుంటే ఎవరు ఎంత ఎక్కువ అడుగుతున్నారో తెలిసిపోతుంది.

కర్ర ఎంచుకుంటే టేకు, నల్లమద్ది, వేప లాంటివి పనికొస్తాయి. బొమ్మలకు ప్రాణం పోసే కొండపల్లి తెల్లపొణికిని ఈ పనికి ఎవరూ అడగరు గానీ, డిపోలో చవగ్గా వచ్చిందని తెచ్చే పేరు తెలియని తేలిక కర్రలు దానికి దూరపు చుట్టాలే. రకం కన్నా ముఖ్యం ఆరుదల. వానాకాలంలో పచ్చికర్రతో చేసిన స్టాండు మే నెల ఎండలకు ఆరి మెలితిరుగుతుంది. పైన చెప్పుకున్న మెలి గాజుకు ఎక్కేది ఇలా కూడా. ఆ ఎండలు విజయవాడలో ఎలా ఉంటాయో చెప్పనక్కర్లేదు. డిపోలో నాలుగు, రెండు అంగుళాలని కొన్న కర్ర చిత్రిక పట్టాక కొంత తగ్గుతుంది. లెక్క ఆ తగ్గిన కొలతతో వేయాలి.

సొంత ఇల్లు, గ్రౌండ్ ఫ్లోర్ అయితే ఇటుక గోడల మీద గ్రానైట్ పలక వేయించడం మూడో దారి. వంటగట్టు కట్టినట్టే. తుప్పు లేదు, చెద లేదు, ఒరగడం లేదు. చీమకుర్తి గ్రానైట్ చూడ్డానికీ బాగుంటుంది. రెండు సంగతులు మరచిపోకూడదు. గ్రానైట్ నొక్కుడుకు గట్టిది, వంగుడుకు పెళుసు. 18 మిల్లీమీటర్ల పలకను మధ్య గోడ లేకుండా నాలుగడుగులు చాపితే ఆ బరువుకు విరిగే ప్రమాదం ఉంది. మధ్య గోడ ఉన్నా దళసరి పలక వాడటమే క్షేమం. రెండోది, తొమ్మిదంగుళాల గోడ ఒక్కొక్కటి 130 కిలోల దాకా తూగుతుంది. మూడు గోడలంటే దాదాపు 390 కిలోలు. ట్యాంకు బరువుకు దగ్గర దగ్గరగా మరో ట్యాంకు. మేడ మీద ఈ ఆలోచన పనికిరాదు.

రెడీమేడ్ కేబినెట్లలో పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్ వాడకం ఎక్కువ. పొడిగా ఉన్నంతకాలం ఇవి బరువు బాగానే మోస్తాయి. తడిస్తే ఉబ్బి, పొరలు విడి, స్క్రూ పట్టు వదిలేస్తాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద తర్వాత సింగ్‌నగర్ ఇళ్లలోకి వెళ్లినవాళ్లకు దీని గురించి వివరించక్కర్లేదు. అక్వేరియం కింద వరద రానక్కర్లేదు. నెలకు నాలుగుసార్లు నీళ్లు మార్చేటప్పుడు జారే చుక్కలు చాలు.

తడి, తుప్పు, చెద

ప్లైవుడ్ పైపలకకు 18 లేదా 19 మిల్లీమీటర్ల మందం, ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ రకం తీసుకోవాలి. అంచుల్లోంచే తడి ఎక్కుతుంది కాబట్టి అక్కడ రెండు పూతలు ఎక్కువ వేయించాలి. ఇనుముకు తుప్పు గీకి, రెడ్ ఆక్సైడ్ కొట్టి, ఎనామెల్ వేయడం అందరికీ తెలిసిందే. తెలియనిది పైపు లోపలి సంగతి. తెరిచి ఉన్న పైపు చివరల్లోంచి నీళ్లు దిగి లోపల్నుంచి తినేస్తాయి, బయట పెయింటు మెరుస్తూనే ఉంటుంది. చివరలన్నీ ప్లేటుతో మూయించడం చిన్న పని. జీఐ పైపు వాడితే వెల్డింగు చేసిన చోట జింకు పూత కాలిపోతుంది. అక్కడ జింకు పెయింటు వేయకపోతే మొదటి తుప్పు సరిగ్గా అతుకు దగ్గరే వస్తుంది.

కర్ర కాళ్లు నేలకు నేరుగా తగలకూడదు. కింద రబ్బరు లేదా స్టీలు పాదం వేస్తే తుడిచిన తడి ఎక్కదు, చెదకు దారి ఉండదు. స్టాండు లోపల ప్లగ్ బోర్డు ఉంటే దాన్ని పైకి, పక్కకు బిగించాలి. ప్రతి వైరూ ప్లగ్ కన్నా కిందికి ఒక వంపు తిరిగి పైకెళ్లాలి. వైరు వెంట జారే నీటి చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది.

శ్లాబు మోస్తుందా?

అపార్టుమెంటువాళ్ల అసలు టెన్షన్ ఇదే. ఇళ్ల గదులకు శ్లాబు డిజైన్ చేసేటప్పుడు ఐఎస్ 875 ప్రకారం మనుషులు, సామాను బరువు కింద చదరపు మీటరుకు 2 కిలోన్యూటన్లు, అంటే సుమారు 200 కిలోలు తీసుకుంటారు. 450 కిలోల ట్యాంకు ఆరు చదరపుటడుగుల్లో కూర్చుంటే ఆ చోట చదరపు మీటరుకు 800 కిలోల పైన పడుతుంది. నాలుగు రెట్లు! ఈ అంకె చూసి కంగారు పడేవాళ్లు రెండో అంకె కూడా చూడాలి. 12 అడుగుల చదరపు గది మొత్తానికి ఆ లెక్కన 2,600 కిలోల పైన అనుమతి ఉంటుంది. గది నడిమధ్యలో పెట్టడానికీ, బీముల మీద ఆనిన గోడ పక్కన పెట్టడానికీ ఉన్న తేడా ఇక్కడ తేలుతుంది. అంచున పడ్డ బరువు చాలావరకు బీములోకి దిగిపోతుంది, శ్లాబును పెద్దగా వంచదు.

వాస్తు చూసేవాళ్లు అక్వేరియాన్ని ఈశాన్యం మూల పెట్టమంటారు. గది మూల అంటే తరచుగా రెండు బీములు కలిసే చోటు, చాలాసార్లు కింద పిల్లరు. వాస్తు పండితుడూ, ఇంజనీరూ ఒకే మూల చూపించే అరుదైన సందర్భం ఇది. బయటికి చాపిన బాల్కనీలో మాత్రం ఏ దిక్కయినా పెట్టకూడదు. ఆరడుగుల ట్యాంకుకు, పాత భవనానికి, శ్లాబులో ఇప్పటికే పగుళ్లు, చెమ్మ ఉన్న ఇంటికి స్ట్రక్చరల్ ఇంజనీరుకు చూపించాకే అడుగు వేయాలి.

గ్రౌండ్ ఫ్లోర్‌లో శ్లాబు బెంగ లేదు, కానీ నేల బెంగ ఉంది. గుంటూరు చుట్టుపక్కల నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుంటుంది. పునాది బీముల మధ్య మట్టి నింపి వేసిన ఫ్లోరింగు సరిగ్గా దిమ్మిస కొట్టకపోతే కాలక్రమంలో దిగుతుంది. స్టాండు పెట్టబోయే చోట టైల్స్‌ను రూపాయి బిళ్లతో తట్టి చూస్తే డొల్ల శబ్దం వచ్చే టైల్ ఏదో తెలుస్తుంది. దాని మీద కాలు పెట్టకూడదు. ఆరు కాళ్ల స్టాండులో కాళ్లన్నీ బరువును సమానంగా పంచుకోవు, మధ్య కాళ్లు ఒక్కోటి 140 కిలోల దాకా, మూల కాళ్లు 42 కిలోల దాకా మోస్తాయి. 40 మిల్లీమీటర్ల పైపు అంచు ఆ 140 కిలోలను సన్నని గీత మీద దింపుతుంది. కింద 100 మిల్లీమీటర్ల చదరపు ప్లేటు వెల్డింగు చేయిస్తే ఒత్తిడి ముప్పయ్యో వంతుకు తగ్గుతుంది.

నింపే రోజు

ట్యాంకు పెట్టాక ఒకేసారి నింపకుండా మూడో వంతు పోసి ఆపాలి. ఇప్పుడు రసమట్టం అక్కర్లేదు, నీటి గీతే అన్నిటికన్నా కచ్చితమైన మట్టం. నాలుగు మూలల్లోనూ నీటి గీత నుంచి గాజు పై అంచు వరకు స్కేలుతో కొలిచి కాగితం మీద రాసుకోవాలి. పొడవు దిశలో రెండు చివర్ల మధ్య 2, 3 మిల్లీమీటర్ల తేడా ఉంటే కంగారు లేదు, అది వాలు. ఎదురెదురు మూలలు ఒక జత ఎక్కువ, ఇంకో జత తక్కువ చూపిస్తే అది మెలి. గాజు ఎత్తులు ముందే సమానంగా లేకపోయినా అలా కనిపించవచ్చు కాబట్టి ఖాళీ ట్యాంకు ఎత్తును నాలుగు మూలలా ముందే కొలిచి ఉంచుకోవాలి. మెలి ఉందని తేలితే నీళ్లు తోడేసి కాళ్ల కింద సరిచేయాల్సిందే. నీళ్లున్న ట్యాంకు కింద జాకీ పెట్టి లేపే సాహసం చేయకూడదు.

మూడింట రెండు వంతులు నిండాక ఒక రాత్రి వదిలి మళ్లీ కొలవాలి. థర్మోకోల్ నలిగేది, కాళ్లు నేలలో సర్దుకునేది ఈ దశలోనే. కొలతలు మారకపోతే మిగతాది నింపి, చేపల్ని వదిలే ముందు ఇంకో రెండు మూడు రోజులు ఖాళీ నీళ్లతోనే ఉంచాలి. ఆ కాగితాన్ని కేబినెట్ తలుపు లోపలివైపు అతికించి పెట్టుకుంటే, మొదటి వానాకాలం ముగిశాకా, మొదటి మే నెల గడిచాకా అవే నాలుగు కొలతలు తీసి పోల్చుకోవచ్చు.